అంబాసిడర్‌లో లోపలి లైటు

మా అమ్మకు చెవులు వినబడవు. నాకు మూడేళ్లున్నప్పుడు ఆమెకు విషజ్వరం వచ్చింది. జ్వరం పోతూ పోతూ వినికిడిని వెంట తీసుకుపోయింది. ప్రాణం దక్కింది, అదే పదివేలు అన్నారట డోర్నకల్‌లో అందరూ. అప్పటి నుంచి అమ్మ ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట పట్టుకుంటుంది. అందుకని మా ఇంట్లో చెప్పుకోవలసినవన్నీ వెలుతురు ఉండగానే చెప్పుకోవాలి.

మా నాయిన బిక్షపతి స్టేషన్ ముందు అడ్డా మీద పాత తెల్ల అంబాసిడర్ నడిపేవాడు. అమ్మ పేరు ఉప్పలమ్మ. మానుకోట మార్కెట్లో కూరగాయలు కొనుక్కొచ్చి డోర్నకల్‌లో అమ్మేది. పొద్దుగూకే వేళకు నాయిన కిరాయిలు ముగించుకుని ఆమెను, ఆమె గంపలను ఎక్కించుకుని ఇంటికి బయలుదేరేవాడు. బయలుదేరగానే చేసే మొదటి పని, పైకప్పుకు ఉన్న లోపలి లైటు వేయడం. ఆ లైటు వేస్తే ఎదురుగా రోడ్డు సరిగా కనబడదు. బుద్ధున్న డ్రైవరెవడూ వేయడు. మా వైపు పెళ్లి బరాత్‌లో మాత్రమే కారులోపల లైటు వేసి నడుపుతారు, పెళ్లికూతురి ముఖం ఊరంతా చూడాలని.

"ఏందే బిక్షపతన్నా, రోజూ బరాత్ తీస్తున్నవా?" అని అడ్డా మీదివాళ్లు ఆట పట్టించేవారు.

"అవ్. నా పెండ్లి ఇంక ఒడువలే," అనేవాడు నాయిన.

ఒక కన్ను రోడ్డు మీద, ఒక కన్ను అమ్మ మీద పెట్టి, పగలంతా పోగేసిన ముచ్చట్లన్నీ పూసగుచ్చినట్టు చెప్పేవాడు. ఏ రైలు ఎంత ఆలస్యం, ఎవరి కోడలు ఎవరిని ఏమన్నది, కిరాయి బేరమాడినాయన చివరికి ఎక్కడ దిగి ఎగ్గొట్టిపోయాడు. అమ్మ కళ్లు ఆయన పెదవుల మీద నుంచి కదిలేవి కావు. వెనక సీట్లో వంకాయల గంప పక్కన కూర్చున్న నన్ను ఇద్దరూ మరిచిపోయేవారు. నాకు కొంచెం కుళ్లుగా ఉండేది కూడా. చెవులున్న ఆడవాళ్లలో ఎంతమందికి మొగుడు అన్ని మాటలు చెప్తాడు?

సకల జనుల సమ్మె మొదలైన ఏడు నేను ఇంటర్ చదువుతున్నాను. కాలేజీ మూతబడింది. బస్సులు ఆగిపోయాయి, ఆఫీసులకు తాళాలు పడ్డాయి. బొగ్గుగనుల వాళ్లు దిగకపోయేసరికి కరెంటు కూడా మొహం చాటేసింది. స్టేషన్ ముందు టెంటు వేశారు. అక్కడ ఒకరోజు నాయిన మైకు పట్టుకున్నాడు.

"దవాఖాన కిరాయి తప్ప, మన అడ్డ మీది బండి ఒక్కటి గూడ రోడ్డెక్కది. తెలంగాణ ఇస్తమని చెప్పిందాక ఎక్కది," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అమ్మ టెంటు ముందు వరుసలో కూర్చుని ఉంది. ఆయన పెదవుల మీద ఆ మాటను అందరికంటే ముందే చదువుకుని ఆమే మొదట చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు ఎక్కడికి దారితీస్తాయో మా ముగ్గురిలో ఎవరికీ తెలియదు.

బండి వాకిట్లో నిలబడిపోయింది. అయినా మాకు అది పనికొస్తూనే ఉంది. సాయంత్రం కరెంటు పోగానే ఇద్దరూ వెళ్లి ముందు సీట్లలో కూర్చుని లోపలి లైటు వేసుకునేవారు. టెంటు కాడి ముచ్చట్లన్నీ అక్కడే. వాకిట్లో నిలబడ్డ బండిలోంచి నాయిన చేతులు ఊపడం, అమ్మ పగలబడి నవ్వడం చూసి దారిన పోయేవాళ్లు ఆగి మరీ చూసేవాళ్లు.

ఒక సాయంత్రం ఆ లైటు రెండుసార్లు మిణుకుమని ఆరిపోయింది. నాయిన పైనున్న అద్దం డిప్ప ఊడదీసి బల్బు బయటికి తీశాడు. వేలెడంత సన్నని గాజు గొట్టం, రెండు కొసలకూ ఇత్తడి టోపీలు. ఆకాశం వైపు పెట్టి చూశాడు. లోపలి తీగ తెగిపోయింది, గాజు నల్లబడింది.

"మాడిపోయింది," అన్నాడు. అప్పటికే మసక పడింది. ఆ మాట అమ్మకు అందలేదు. నేను ఆమె అరచేతిలో బల్బు పెడితే అర్థమైంది.

స్పేర్ పార్టుల దుకాణాలన్నీ బంద్. తెలిసినవాళ్లనడిగితే మోటార్ సైకిల్ బల్బు ఒకటి దొరికింది కానీ అది లైటు గూట్లోని రెండు రేకుల మధ్య నిలబడే రకం కాదు. "సమ్మె అయినంక తెస్త తియ్యి," అన్నాడు నాయిన.

ఇంట్లో కందిలి ఉంది. దాని ముందు కూర్చుంటే ముఖం కనబడుతుంది, కానీ నాయిన మీసం నీడ సరిగ్గా పెదవుల మీదే పడుతుంది. అమ్మ కందిలిని ఎత్తి, దించి, పక్కకు జరిపి విసిగిపోయింది.

"ఆ మీసమన్న తియ్యరాదు," అంది.

"తెలంగాణ వచ్చిందాక తియ్య," అన్నాడు నాయిన దాన్ని మెలితిప్పుతూ. ఆ మాట ఆయన నిలబెట్టుకోలేదు. సమ్మె ముగిసే నాటికే ఆ మీసం లేదు. రాష్ట్రం వచ్చింది, ఇన్నేళ్లయింది, మళ్లీ పెంచలేదు.

బతుకమ్మ పండుగ ముందర మహదేవపూర్ నుంచి ఫోన్ వచ్చింది. గోదావరి ఒడ్డున ఉన్న ఆ ఊరే అమ్మ పుట్టిల్లు. మా మేనమామ సమ్మయ్య ఫోన్ అమ్మమ్మకు ఇచ్చాడు. ఆమె ఎండాకాలం నుంచి మంచంలోనే ఉంది.

"కవితా, మీ అమ్మను ఒక్కసారి తోలుకరాండి బిడ్డా. దాని మొకం జూడాలెనని ఉన్నది," అంది. గొంతు పీలగా, దూరంగా ఉంది.

నేను ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే అమ్మ వైపు తిరిగి ఆ మాటలను పెదవులతో చెప్పాను. అమ్మ నా చేతిలోంచి ఫోన్ లాక్కుని, తనకు వినబడదన్న సంగతే మరిచిపోయి, "వస్తనమ్మా, వస్తన్న," అని గట్టిగా అరిచింది. తర్వాత ఆ ఫోన్‌ను అట్లాగే పట్టుకుని చూస్తూ కూర్చుంది. చెవులున్నవాళ్లకు ఎంత దూరానున్నా గొంతు ఉంటుంది. అమ్మకూ అమ్మమ్మకూ మధ్య ముఖం తప్ప మరొకటి లేదు.

ఆ పూటే నాయినను అడిగింది. "కవిత నాయినా, మాదేవ్‌పూర్ పోదాం. అమ్మను జూసొద్దాం. ఒక్క పూట."

"మైకు పట్టుకొని చెప్పిన గదా ఉప్పలా. నా బండే ముందుగాల కదిలితే నలుగుట్ల ఏం మొకం పెట్టుకోను?"

"దవాఖాన కిరాయి అని చెప్పు."

"ఆమె దవాఖానల లేదు గద. అబద్ధం ఎట్ల చెప్పుదు? జర ఓపిక వట్టు. సమ్మె అయినంక తెల్లారే పోదాం. ఇంక ఎన్ని రోజులుంటది?"

అమ్మ తల ఊపింది. ఆమెకూ తెలంగాణ కావాలి. మర్నాడు రోడ్డు మీద వంటావార్పు పెడితే గంపెడు ఉల్లిగడ్డలు కోసింది కూడా. కానీ పొద్దుగూకగానే పోయి కారు ముందు సీట్లో ఒక్కతే కూర్చునేది. తలుపు వేసుకుని, చీకట్లో, రోడ్డు వైపు చూస్తూ. నేను పిలిచినా వినబడదు, సైగ చేసినా కనబడదు. నాయిన మీద కోపం తెచ్చుకుందామంటే ఆయన చెప్పిందీ న్యాయమే. తప్పు ఎవరిదో తేలని చోట కోపానికి నిలువ నీడ ఉండదు.

పండుగ రానూ వచ్చింది, పోనూ పోయింది. దసరా దాటిన కొన్నాళ్లకు ఒక పొద్దున నాయిన ఫోన్ మోగింది. ఆయన దొడ్లోకి పోయి మాట్లాడాడు. తిరిగొచ్చి, అప్పటికే కడుక్కున్న ముఖాన్ని మళ్లీ కడుక్కున్నాడు. అమ్మ ఎదురుగా నిలబడి నెమ్మదిగా చెప్పాడు.

"మీ అమ్మకు జర సీరియస్ ఉన్నదట. పోదాం, దా."

మా దిక్కు చావు కబురు చెప్పే పద్ధతి ఒకటుంది. దూరాన ఉన్న బిడ్డకు ఉన్నదున్నట్టు ఎవరూ చెప్పరు. 'సీరియస్' అంటారు. దారి పొడుగునా గుండె పట్టుకుని రాకూడదని, ఆ కాసేపన్నా ఆశ ఉండనిద్దామని. బిడ్డ ఊరు చేరి, వాకిట్లో గుంపును చూసి తనే తెలుసుకుంటుంది. ఇది లోకమంతా ఎరిగిన అబద్ధమే. ఎరిగినవాళ్లం కూడా మన దాకా వస్తే నమ్ముతాం. నేను నమ్మాను. అమ్మ ఎంత నమ్మిందంటే, పండ్లు లేని నోటికి మెత్తగా ఉంటాయని రొట్టెలు, బెల్లం కలిపి మలీద ముద్దలు చేసి గిన్నెలో మూట కట్టింది.

నాయిన బండికి గులాబీ జెండా కట్టాడు. అడ్డా ముందు నుంచే బయలుదేరాం. ఒక్కరూ ఒక్క మాట అనలేదు. అందరూ లేచి నిలబడ్డారు. అప్పుడే నాకు అనుమానం రావలసింది.

మానుకోటలో సమ్మెవాళ్లు ఆపారు, నర్సంపేటలో ఆపారు, పరకాల దాకా ఊరూరా ఆపారు. ఎక్కడికక్కడ నాయిన దిగి, పక్కకు తీసుకెళ్లి ఏదో చెప్పి వచ్చేవాడు. దారి ఇచ్చేవారు. అమ్మ ముందు సీట్లో మలీద గిన్నె ఒళ్లో పెట్టుకుని ఆయన వైపే తిరిగి కూర్చుంది. పట్టపగలు, వెలుతురుకు కొదవ లేదు. నాయిన మాత్రం దుమ్ము కొడుతున్నదని ముక్కుకూ నోటికీ కలిపి రుమాలు కట్టుకున్నాడు. వానలకు తడిసిన రోడ్డు మీద దుమ్మెక్కడిది?

భూపాలపల్లి చేరేసరికి ఎండ దిగిపోయింది. గని కార్మికులు రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. వరుసగా గుండిగలు, ఆవిర్లు, డప్పు చప్పుడు. వచ్చినవాళ్లు తినందే బండి కదలనివ్వం అని పట్టుబట్టారు. గరిటె పట్టుకున్నాయన పేరు వెంకన్న. ఆయనా కిరాయి డ్రైవరే. తన అంబాసిడర్‌ను పక్కన నిలిపేసి వడ్డనకు దిగాడు.

అమ్మా నేనూ విస్తళ్ల ముందు కూర్చున్నాం. నాయిన విస్తరి పట్టుకుని నిలబడ్డాడే కానీ మెతుకు ముట్టలేదు. సమ్మెలో ఎన్నిచోట్ల వంటావార్పు జరిగినా తినకుండా వచ్చిన మనిషి కాడు ఆయన. అమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగింది. ఆయన విస్తరిని చూసింది, ఆయన రుమాలును చూసింది. ముద్దను కింద పెట్టేసింది.

"కవితా, బండిల ఆ లైటు పెట్టించు. చీకటి పడుతున్నది. మీ నాయిన మొకం నాకు కనబడాలె," అంది.

తన గొంతు ఎంత పెద్దదో అమ్మకు తెలియదు. బంతిలో ఉన్నవాళ్లందరూ తలలు తిప్పారు.

"బల్బేనా చెల్లె?" అన్నాడు వెంకన్న నాతో. "దుకాణం ఎక్కడ తెరిచుంటది? దా, నా బండిది తీసిస్త. అది ఎట్లాగూ పండుకునే ఉన్నది."

ఆయన తన కారు పైకప్పుకు ఉన్న డిప్ప తీసి, బల్బును రేకుల మధ్య నుంచి లాగి, అవతలి కిటికీలోంచి నా చేతిలో పెట్టాడు. రెండు కొసలకూ ఇత్తడి టోపీలు, తెల్లగా ఉన్న గాజు. అప్పుడే నాయిన వెంకన్న దగ్గరికి వచ్చాడు. నేను కారుకు అటువైపు ఉన్నాను. నన్ను చూసుకోలేదు.

"అన్నా, జర జల్ది పోనియ్యుండ్రి. మా అత్త పొద్దుగాలనే సచ్చిపోయింది. బిడ్డొచ్చిందాక శవం ఎత్తం అని కూసున్నరు. ఆమెకు ఇంక చెప్పలే," అన్నాడు.

వెంకన్న వెళ్లి రోడ్డుకు అడ్డంగా ఉన్న బల్లను జరిపించాడు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. అమ్మ దూరం నుంచి నన్నే చూస్తున్నది. గొంతు నొక్కుకుని ఏడిస్తే చెవులున్నవాళ్లకు తెలియకపోవచ్చు, అమ్మకు మాత్రం దొరికిపోతాం. కారుకు అటువైపే కూర్చుని, ముఖం చున్నీతో తుడుచుకుని లేచాను.

మా బండి దగ్గర నాయిన ముందు చెయ్యి చాపి బల్బు చూపించాను. నాకు తెలిసిపోయిందని ఆయనకు నా ముఖం చూడగానే అర్థమైంది.

"ఇప్పుడెందుకు బిడ్డా? తెల్లారినంక పెడదాం," అన్నాడు.

సరిపడలేదని చెప్పి దాన్ని దాచేస్తే అయిపోయేది. ఇంకొన్ని గంటల ఆశ అమ్మకు మిగిలేది. నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు, ఇంకా ముందుకూ చాపలేదు. అమ్మ అప్పటికే ఎక్కి కూర్చుని, తలెత్తి, పైకప్పులోని ఖాళీ గూటి వైపు చూస్తున్నది.

నాయిన కూడా ఆమెను చూశాడు. "ఇటియ్యి," అన్నాడు.

స్క్రూడ్రైవర్‌తో డిప్ప ఊడదీశాడు. ఎండిపోయిన పురుగులు ఆయన అంగీ మీద రాలాయి. రేకులకు పట్టిన తుప్పును అగ్గిపెట్టె పక్క గరుకుతో రుద్ది, వదులైనదాన్ని వేలితో లోపలికి వంచాడు. బల్బు ఒక కొసను పెట్టి, రెండో కొసను నొక్కాడు. టక్కుమని కూర్చుంది. ఒకసారి వెలిగించి చూసి వెంటనే ఆర్పేశాడు. డిప్ప తిరిగి బిగించలేదు. దాన్ని నా చేతిలో పెట్టి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు.

ఊరు దాటాం. రెండు పక్కలా అడవి. నాయిన లైటు వేయలేదు. అమ్మే చెయ్యెత్తి వేసింది. డిప్ప లేని బల్బు వెలుతురు మా ముఖాల మీద సూటిగా పడింది.

"రుమాలు తియ్యి," అంది.

తీశాడు.

"ఇప్పుడు చెప్పు."

"చెప్పిన గద ఉప్పలా, జర సీరియస్..."

అమ్మ తన రెండు వేళ్లు ఆయన పెదవుల మీద పెట్టింది. మాట సగంలో ఆగింది. నాయిన బండిని రోడ్డు పక్కకు తీసి ఆపాడు.

"మా అమ్మ ఉన్నదా?"

నాయిన తల అడ్డంగా ఊపాడు.

"ఎప్పుడు?"

"పొద్దుగాల. నువ్వు వచ్చిందాక ఎత్తం అన్నడు సమ్మయ్య. మొకం జూస్తవ్, నేను జూపిస్త." ఆయన కళ్ల వెంట నీళ్లు కారిపోతున్నాయి. మీసం తడిసిపోయింది. "ఆనాడు సమ్మె అయినంక పోదామన్న. నువ్వు అడిగిననాడే పోయేదుంటే... నలుగుట్ల మాట పోతదనుకున్న. నేను గిట్ల అయితదని..."

అమ్మ అంతవరకే చదివింది. చెయ్యెత్తి లైటు ఆర్పేసింది.

ఇన్నేళ్లలో అమ్మ ఎవరి మాటనూ మధ్యలో వదలలేదు. వద్దనుకున్నప్పుడు వినకుండా ఉండటం ఆమెకూ చేతనవుతుందని నాకు ఆ పూటే తెలిసింది. నాయిన చీకట్లో ఇంకా ఏదో చెప్తున్నాడు. కాసేపటికి ఆయనా ఆపాడు.

"బండి తియ్యి," అంది అమ్మ.

బండి కదిలింది. హెడ్‌లైట్ల వెలుతురులో చెట్లు వచ్చి పోతున్నాయి. అమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఆమె మాట్లాడటం మొదలుపెట్టింది. ఆ పెద్ద గొంతుతోనే, ఎవరినీ చూడకుండా.

"నా చెవులు పోయిననాడు మా అమ్మ వచ్చి మనింట్ల ఆర్నెల్లున్నది. యాదికున్నదా నీకు? పొద్దున లేసి నా ఎదురుంగ కూసునేది. నోరు ఇంత పెద్దగ తెరిచి అన్నం అనేది. నీళ్లు అనేది. బిడ్డ అనేది. నేను తెల్వక ఏడుస్తుంటే గదువ పట్టుకొని మల్ల అనేది. చిన్నప్పుడు ఒకసారి మాట నేర్పింది, చెవులు పోయినంక మల్ల ఒకసారి నేర్పింది."

"ఊ," అన్నాడు నాయిన.

"పండ్లన్నీ ఊడినంక ఆమె మాట నాకు సరిగ అందకపోయేది. పెదిమెలు లోపలికి పోయినయి గద. ఏమన్నదో తెల్వకున్నా తలకాయ ఊపేదాన్ని. తెలిసిందనుకొని సంబురపడేది. ఈసారి పోయినప్పుడు చెప్దామనుకున్న, అమ్మా, నీ మాట నాకు తెలుస్తలేదు, జర నిమ్మలంగ చెప్పవే అని."

"ఊ."

"మంచాన పడ్డదని తెలిసి గూడ పోకపోతి. దాని నోరు సగమే తెలిసినా సాలు, ముందట కూసుంటే అయిపోవు."

"ఊ."

అడవి దాటింది, పొలాలు వచ్చాయి, గోదావరి మీది నుంచి చల్లగాలి తగిలింది. అమ్మ చెప్తూనే ఉంది. ఆమెకు వినబడదు, ఆ చీకట్లో ఆయన ముఖమూ కనబడదు. మహదేవపూర్ వచ్చేదాకా నాయిన ఒక్క మాటను కూడా వదలకుండా ఊ కొడుతూనే ఉన్నాడు.